మాబూబీ చేను, శివపార్వతి తాళం

ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్లీడరు గుమాస్తాగా పనిచేస్తున్నాను. అబద్ధాలు చెప్పే కక్షిదారులను చూశాను. వాయిదాకు రాకుండా ఎగ్గొట్టేవాళ్ళను చూశాను. చివరికి మా మీదే కేసు వేసిన మహానుభావులను కూడా చూశాను. కానీ తన కేసును తన మంచితనంతోనే వాయిదాకు కొంచెం చొప్పున పాడు చేసుకున్న మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆమె పేరు మాబూబీ. ఆమె గురించి రాద్దామని కూర్చుంటే ఇప్పటికీ నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే నవ్వు వస్తుంది.

వినుకొండ నుంచి దర్శి వైపు పోతూ మధ్యలో ఎడమకు దిగితే ఎర్రఒడ్డుపాలెం. మాబూబీది ఆ ఊరు. అరవై దాటిన మనిషి. మిరపకాయలు కోసే ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రి. కోతల కాలంలో తెల్లవారకముందే వీధి వీధీ తిరిగి నలభై మందిని లేపి, మూడు ఆటోల్లో కుక్కి, ఎవరి చేను పండితే వాళ్ళ చేలో దించుతుంది. చీర మీద చనిపోయిన మొగుడి ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని ముందు సాలు తనే పడుతుంది. తొడిమ ఊడిన కాయ గంపలో కనిపిస్తే ఆ కోసినావిడ వంశం మొత్తాన్నీ కడిగేస్తుంది. అంత నోరున్న మనిషి ఎవరైనా వచ్చి ‘కాస్త ఇస్తావా’ అని అడిగితే మాత్రం లేదనలేదు. ఆమె కష్టాలన్నిటికీ మూలం అదే.

ఇరవై ఏళ్ళ కిందట భూమి లేనివాళ్ళకు ప్రభుత్వం అసైన్డు పట్టాలు ఇచ్చినప్పుడు మాబూబీ పేరున రెండెకరాలు వచ్చింది. ఇచ్చిన రోజున అది చేను కాదు, రాళ్ళ దిబ్బ. మొగుడు మాబు సాహెబ్, ఆమె కలిసి మూడు వేసవులు ఆ రాళ్ళు ఏరి గట్టున పోశారు. ఆ గట్టు ఇప్పటికీ నడుము ఎత్తున ఉంది. తర్వాత పత్తి వేశారు, మిరప వేశారు, నాలుగు మెతుకులు తిన్నారు. ఆపైన మాబు సాహెబ్‌కు జబ్బు చేసింది. రెండేళ్ళు మంచంలో ఉండి పోయాడు. ఆ రెండేళ్ళూ చేను బీడు పడింది.

అప్పుడు పక్క చేను శివపార్వతి వచ్చింది. వరసకు ఇద్దరూ ఒకరినొకరు ‘వదినా’ అని పిలుచుకుంటారు. “వదినా, నీ చేను ఖాళీగానే ఉందిగా, పదిహేను రోజులు కాయలు ఆరబోసుకుంటా” అని అడిగింది. మాబూబీ సరేనంది. కాయలు ఆరాయి. కాయలకు కాపలా ఉండాలని ఒక మంచం వచ్చింది. మంచానికి నీడ కావాలని రేకుల షెడ్డు లేచింది. షెడ్డు ఎలాగూ ఉంది కదా అని మరుసటి ఏడు శివపార్వతి ఆ రెండెకరాల్లోనూ మిరప నాటింది. గేదెలు పడుతున్నాయని చుట్టూ కంచె వేసింది. కంచె వేశాక గేటు పెట్టకుండా ఎలా? గేటు పెట్టాక తాళం వేయకుండా ఎలా? పదిహేను రోజులకని వచ్చిన మనిషి మూడేళ్ళు దున్నుకుంది.

మాబూబీ మా ప్లీడరు జయకుమారి గారి దగ్గరికి వచ్చింది అప్పుడే. మేడం గారు పట్టా కాగితం చూశారు, శిస్తు రసీదులు చూశారు, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“మంచం వేసినప్పుడు అడగలేదా?”

“నడుం నొప్పంట మేడం. అడిగితే ఏం బాగుంటది?”

“షెడ్డు వేసినప్పుడు?”

“రేకులు దించేటప్పుడు నేనూ ఓ చెయ్యి ఏశా. వదిన ఒక్కతే మొయ్యలేకపోతంటే.”

మేడం గారు నా వైపు చూశారు. నేను పైకప్పు వైపు చూశాను.

ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డు భూమిని ఇంకొకరి చేతికి మార్చడానికి వీల్లేదు. నోటిమాట మీద ఇచ్చినా, కాగితం మీద ఇచ్చినా చట్టం ముందు చెల్లదు. ఒక్క సంవత్సరంలో తేలిపోవలసిన కేసు అని మేడం గారు నాతో అన్నారు. పాపం, ఆవిడకు అప్పటికి మాబూబీ గురించి పూర్తిగా తెలియదు.

మొదటి వాయిదాకే నాకు విషయం అర్థమైంది. కోర్టు ముందు ఆటో ఆగింది. ముందు మాబూబీ దిగింది. వెనక ఆమె చెయ్యి పట్టుకుని ప్రతివాది శివపార్వతి దిగింది. ఊరి నుంచి వచ్చేది అదొక్కటే ఆటో, ఇద్దరం ఒకే చోటికి పోతున్నప్పుడు వేరే ఆటో ఎందుకు అని వాళ్ళ లెక్క. మధ్యాహ్నం కోర్టు ఆవరణలో ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద కూర్చుని ఒకరి గోంగూర ఒకరికి వడ్డించుకున్నారు. శివపార్వతి ప్లీడరు నా భుజం తట్టి, “ఏమయ్యా ఫిలిప్, వీళ్ళు రాజీ పడ్డారా?” అని అడిగాడు. నాకు ప్రాణం పోయినంత పనైంది. పరుగెత్తి వెళ్ళి, “అక్కా, ఆమె మన ప్రతివాది. కోర్టులో మాట్లాడకూడదు, తినకూడదు” అని చెవిలో చెప్పాను.

“కోర్టులో మాట్లాడను తమ్ముడూ. కూడు కాడ ఎట్టా మాట్లాడకుండా ఉంటా?” అంది మాబూబీ.

“ఉప్పు తగ్గింది వదినా నీ గోంగూరలో” అంది ప్రతివాది.

ఇక సాక్ష్యం వాయిదాల సంగతి. ఒక ఫిబ్రవరిలో వాయిదా పడింది. కోతలు ముమ్మరంగా ఉన్నాయి. మాబూబీ పొద్దున రెండు గంటలు కోసి, చేలో నుంచి నేరుగా కోర్టుకొచ్చింది. అదే చీర, అదే మాబు సాహెబ్ చొక్కా. బోనులో నిలబడి, కొంగు ఒక్కసారి గట్టిగా దులిపి భుజాన వేసుకుంది. ముందు బెంచి గుమాస్తా తుమ్మాడు. తర్వాత టైపిస్టు అందుకుంది. ప్రమాణం చేయించే బంట్రోతు ‘దేవుని ఎదుట’ దాకా వచ్చి ఆగిపోయి వరసగా ఆరు తుమ్మాడు. శివపార్వతి ప్లీడరు ప్రశ్న వేయడానికి లేచి, నోరు తెరిచి, ప్రశ్న బదులు తుమ్మి కూర్చున్నాడు. జడ్జి గారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఓర్చుకున్నారు. ఆ తర్వాత ఆవిడ వల్ల కూడా కాలేదు. ఏడు వారాలకు వాయిదా వేశారు. అంతమందిలో తుమ్మనిది ఇద్దరే, వాది, ప్రతివాది. పుట్టినప్పటి నుంచీ మిరప ఘాటులో పెరిగిన ఆడవాళ్ళు. వీళ్ళందరికీ ఏమైంది అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అలా అలా, మధ్యలో కరోనా వచ్చి కోర్టు మూతపడి, మళ్ళీ తెరిచి, ఏళ్ళు గడిచాయి. ఆదివారం చర్చిలో అందరూ పిల్లల చదువుల గురించీ ఆరోగ్యాల గురించీ ప్రార్థన చేస్తుంటే, నేను మాబూబీకి కాస్త కోపం పుట్టించమని ప్రార్థన చేసేవాణ్ణి. నా కేసు ఓడిపోతుందని కాదు. ఆ రెండెకరాలు పోతే ఆమెకు ఇంకేమీ లేదు. చూపు మందగిస్తోంది. ఇంకో రెండు మూడేళ్ళకు ముఠాను నడపలేదు. అప్పుడు ఏం తింటుంది?

చివరికి అసలు దెబ్బ తగిలిన రోజు వచ్చింది. శివపార్వతి ప్లీడరు లేచి ఒక ఫొటో బయటపెట్టాడు. దావా పడ్డ చేను, ఎర్రగా పండిన మిరప, నలభై మంది కూలీలు, అందరికన్నా ముందు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ మాబూబీ. కేసు నడుస్తుండగానే నాలుగేళ్ళ పాటు తన ముఠాను తీసుకుని అదే చేలో శివపార్వతికి కూలికి వెళ్ళింది మా కక్షిదారు. ఈ సంగతి మాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. మేడం గారు కుర్చీలో కిందికి జారడం నేను చూశాను.

“ఈ ఫొటోలో ఉన్నది నువ్వేనా?” అని అడిగాడు ప్లీడరు.

“నేనేనయ్యా. బాగా పడ్డా.”

“ఈ చేను ఎవరిది?”

“నాదే.”

“సొంత చేలోకి ఎవరైనా కూలికి పోతారా? అది ప్రతివాది చేను అని నీకు తెలుసు. అందుకే ఆమె ఇచ్చిన కూలి తీసుకున్నావు. అవునా, కాదా?”

మాబూబీ బోను కమ్మీ మీద ఒక గీత ఉంటే దాన్ని గోటితో గీకుతూ నిలబడింది.

“గేటుకు తాళం ఏసింది కదయ్యా” అంది. “ఊరికే పోతే తియ్యదు. కూలికొస్తే తీస్తది. నా చేను నేను చూసుకోవాలంటే ఇంకే దారుంది? మా ఆయన ఏరిన రాళ్ళు ఆ గట్టు మీదే ఉన్నయ్. మధ్యాన్నం ఆడ కూర్చుని బువ్వ తినేదాన్ని. అందుకని పోయా.”

ప్లీడరు చేతిలోని ఫొటోను బోర్లించి బల్ల మీద పెట్టాడు. ఇక్కడితో ఆగితే కేసు మనదే అని నేను అనుకుంటుండగా మాబూబీ మళ్ళీ నోరు తెరిచింది.

“అయినా పండిన కాయను చెట్టు మీద ఉంచితే తాలైపోద్ది గదయ్యా. ఎవరిదైతే ఏంది, కొయ్యొద్దా?”

నేను నెత్తి కొట్టుకున్నాను. వెనక బెంచీ నుంచి శివపార్వతి లేచి, “రోజూ మజ్జిగ కూడా పోశానండీ, కావాలంటే అడగండి!” అని అరిచింది. జడ్జి గారు ఇద్దరినీ నోరు మూసుకోమన్నారు.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. అసైన్డు భూమి నోటిమాట మీద చేతులు మారదు, కూలి పుచ్చుకున్నంత మాత్రాన పట్టాదారు హక్కు పోదు, ప్రతివాది రెండు నెలల్లో ఖాళీ చేసి అప్పగించాలి. శివపార్వతి ఖాళీ చేయలేదు. మేము మళ్ళీ అమలు పిటిషన్ వేసి, స్వాధీనం ఇప్పించమని వారంటు తెచ్చుకునేసరికి జులై వచ్చింది. తొలకరి పడింది. ఆ నెల లోపల చేను చేతికొస్తే దున్నుకుని ఈ ఏడు మిరప నారు నాటుకోవచ్చు. రాకపోతే మరో ఏడాది పోయినట్టే.

కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అమీను అష్రఫ్ గారు చాలా నిక్కచ్చి మనిషి. వారంటు, గొడుగు, టముకు కొట్టే మనిషితో సహా వచ్చాడు. తాళం తీయించాడు, షెడ్డులో మంచం, బిందె, పార బయట పెట్టించాడు. మూలన గంప ఒకటి ఉంది. దాని మీద చెయ్యి వేయబోయి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. గంపలో శివపార్వతి కోడి గుడ్లు పొదుగుతోంది. అమీను గారి బొటనవేలు పొడిచింది.

“కదిలిస్తే గుడ్లన్నీ మురిగిపోతయ్!” అని శివపార్వతి గుండెలు బాదుకుంది. “పన్నెండు గుడ్లు! తొమ్మిదో రోజు!”

“అమ్మా, వారంటులో ఖాళీ స్వాధీనం అని ఉంది” అన్నాడు అష్రఫ్ గారు, వేలు చప్పరించుకుంటూ. “కోడి ఉంటే ఖాళీ కిందికి రాదు. తీసేయండి.”

అప్పుడు మాబూబీ గంపకు అడ్డం వచ్చి నిలబడింది. “పొదిగే కోడిని లేపుతారా ఎక్కడన్నా? పాపం చుట్టుకుంటది. ఇంకో పన్నెండు రోజులాగితే మీ సొమ్మేం పోయింది అమీను గారూ?”

“ఆగితే పోయేది నీ సొమ్మక్కా!” అని నేను అరిచాను. ఎవరూ వినలేదు.

అష్రఫ్ గారు ఆలోచించి, వారంటు వెనక ఇలా రాశాడు: ‘షెడ్డులో కోడి గుడ్లు పొదుగుతున్నందున, డిక్రీదారు కోరిక మేరకు, అమలు జరపకుండా వాపసు చేయడమైనది.’ డిక్రీదారు అంటే కేసు గెలిచిన మాబూబీయే. జడ్జి గారు ఆ వాక్యం రెండు సార్లు చదివారట. తర్వాత మేడం గారిని పిలిచి, “ఇది నిజంగా మీ కక్షిదారే కోరారా?” అని అడిగారట. మేడం గారు ఆ రోజు మధ్యాహ్నం భోజనం చేయలేదు. వారంటు మళ్ళీ రెండు వారాలకు వేశారు.

నా భయం కోడి గురించి కాదు. ఈ వ్యవధిలో శివపార్వతి పై కోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకుంటే అంతా మళ్ళీ మొదటికొస్తుంది. ఇంకో నాలుగేళ్ళు. నేను భయపడినట్టే అయింది. పదో రోజున మాబూబీ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

“తమ్ముడూ, శివపార్వతి వదిన స్టే కోసం జిల్లా కోర్టుకు పోయింది. ఆడ వాళ్ళ చెల్లెలింట్లో రెండు రోజులుంటదంట.”

“నీకెవరు చెప్పారు?”

“వదినే చెప్పింది. పోతా పోతా కోడికి నూకలు ఇచ్చి పోయింది. నీళ్ళు మార్చమంది. రేపో ఎల్లుండో పిల్లలొస్తయ్ కదా.”

“నువ్వెక్కడున్నావు?”

“చేలోనే. తాళం చెవి నా చేతికే ఇచ్చింది.”

నేను లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. మేడం గారికి రెండే రెండు ముక్కల్లో చెప్పి, బండి తీసుకుని ఎర్రఒడ్డుపాలెం పోయాను. మాబూబీ షెడ్డులో కోడి ముందు గొంతుక్కూర్చుని నూకలు వేస్తోంది. పక్కన ముఠాలో పనిచేసే వీరమ్మ ఉంది. తాళం ఇచ్చేటప్పుడు వీరమ్మ అక్కడే ఉందని మాబూబీ చెప్పగానే నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

“అక్కా, డిక్రీ నీది. ప్రతివాది తన చేత్తో, సాక్షి ముందు, తాళం చెవి నీకిచ్చింది. అమీనూ వద్దు, టముకూ వద్దు. గేటు లోపల నుంచి వేసుకుని ఇక్కడే ఉండు. స్వాధీనం వచ్చిందని రేపు పొద్దున్నే కోర్టులో మెమో వేస్తాం. నువ్వు చేయాల్సిందల్లా బయటికి రాకుండా ఉండటమే.”

మాబూబీ మొహం వాడిపోయింది. “నమ్మి ఇచ్చింది తమ్ముడూ. కోడికి నీళ్ళు పెట్టమని ఇచ్చింది. చేను తీసుకోమని ఇవ్వలా.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అన్నేళ్ళ కోపం ఒక్కసారే వచ్చింది. “నువ్వు పదిహేను రోజులకని నమ్మి ఇచ్చినప్పుడు ఆమె ఏం చేసింది? తొమ్మిదేళ్ళు! నీ చేలోకి నిన్ను కూలిదానిగా రానిచ్చింది! రేపు స్టే వస్తే ఈ గేటు ఈ జన్మకు తెరుచుకోదు. మాబు సాహెబ్ భాయి రాళ్ళు ఏరింది ఆమె కోడి కోసమా?”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మాబూబీ వెళ్ళి గట్టు మీద, రాళ్ళ పక్కన కూర్చుంది. తర్వాత లేచి వచ్చి గేటు లోపల నుంచి వేసి తాళం పెట్టింది. నేను దేవునికి స్తోత్రం చెప్పుకుంటుండగా చొక్కా జేబులోంచి ఫోన్ తీసింది.

“వదినా, నేను. నేనిక చేలోంచి బయటికి రాను. గేటేసుకున్నా. చెప్పకుండా చేసిందనుకుంటావేమోనని చెప్తన్నా. కోడి బాగానే ఉంది.”

స్టే పిటిషన్ తెల్లారితే విచారణకు వస్తోంది. ఆ మాట ప్రత్యర్థికి ముందుగా చెప్పే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు ఉంటారా? ఫోన్‌లో శివపార్వతి తిట్లు గేటు బయట నిలబడ్డ నాకు కూడా వినిపించాయి. మాబూబీ అన్నీ విని, “సరే వదినా, జాగ్రత్త, బువ్వ తిన్నావా?” అని పెట్టేసింది.

మరునాడు పై కోర్టులో జరిగింది నాకు అక్కడి గుమాస్తా చెప్పాడు. ప్రస్తుతం భూమి ఎవరి స్వాధీనంలో ఉందని జడ్జి గారు అడిగారట. శివపార్వతి ప్లీడరు “మా కక్షిదారు స్వాధీనంలోనే” అని ఇంకా పూర్తిగా అననే లేదట. రాత్రంతా నిద్రలేని శివపార్వతి వెనక నుంచి లేచి, “ఎక్కడండీ! తాళం చెవి నేనే ఇచ్చా, లోపలికి పోయి కూర్చుంది, అన్యాయం కాదా?” అని అరిచిందట. ఆమె ప్లీడరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడట. స్వాధీనమే లేనప్పుడు స్టే దేనికన్నారు జడ్జి గారు. ఇద్దరు వదినల్లో ఎవరూ తక్కువ తినలేదు.

ఆ సాయంత్రం శివపార్వతి బస్సు దిగి నేరుగా గేటు దగ్గరికొచ్చింది. నేనూ, పంచనామా రాసుకున్న కాగితాలతో అక్కడే ఉన్నాను. ఆమె చీర నిండా దుమ్ము, కళ్ళ కింద నలుపు.

“తియ్యి వదినా” అంది.

“తియ్యను.”

“నా షెడ్డు ఉంది లోపల.”

“రేకులు ఎప్పుడన్నా ఊడదీసుకుపో. నేనూ ఓ చెయ్యేస్తా. చేను మాత్రం ఇయ్యను.”

ఇన్నేళ్ళలో మాబూబీ నోటి నుంచి ‘ఇయ్యను’ అన్న మాట శివపార్వతి వినలేదు. నేనూ వినలేదు. ఆ మాట మాబూబీకే కొత్తగా ఉన్నట్టుంది.

తర్వాత లోపలికి వెళ్ళి, కోడినీ పిల్లలనూ గంపలో పెట్టి, పైన గుడ్డ కప్పి, గేటు మీదుగా అందించింది. శివపార్వతి అక్కడే మట్టిలో కూర్చుని గుడ్డ తీసి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

“పన్నెండు గుడ్లు పెట్టా. పదకొండే ఉన్నయ్ ఏంది?”

“ఒకటి మురిగింది వదినా.”

“మురిగిందో, నువ్వే అట్టేసుకున్నావో ఎవురికి తెలుసు?”

“అయితే కేసెయ్యి. ఫిలిప్ తమ్ముడు ఈడనే ఉన్నాడుగా.”

శివపార్వతి నిజంగానే నా వైపు తిరిగి, దీనికి కేసు పడుతుందా అని అడిగింది. నవ్వు ఆపుకోలేక నేను మొహం గేటు వైపు తిప్పాను. అప్పుడు చూశాను మాబూబీ చేతులను. కాయలు కోసి కోసి వేళ్ళ చివర్లు పగిలిపోయిన రెండు చేతులూ గేటు కమ్మీని బిగించి పట్టుకుని ఉన్నాయి. నా నవ్వు అక్కడే ఆగిపోయింది. అడిగిన వాళ్ళకల్లా ఇచ్చేసిన ఆ చేతులు, శివపార్వతి గంప ఎత్తుకుని మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఆ కమ్మీని వదల్లేదు.